పంచదార కాగితం మీద ఏడు ఎద్దులు

జానెత్,
3 అక్టోబర్ 1979

కోడలు పిల్ల కెల్లాకు,

ఒళ్ళెలా ఉంది? అలసట ఎలా ఉంది? ఆ సముద్రం తేమ ఎలా ఉంది? నీ గదిలో ఉండే ఒరాన్ ఊరి పిల్ల గురక ఎలా ఉంది? ఇక్కడ మంచి తప్ప మరేం లేదు. మీ అమ్మమ్మ బాగుంది, మేకలు బాగున్నాయి, నా మోకాలు కూడా బాగుంది. పలకరింపులు ఇంతటితో ఆపేస్తున్నానని ఏమనుకోకు. చెప్పాల్సింది ఒకటుంది, కడుపులో ఆగడం లేదు.

కిందటి వారం కప్తాన్ పారిపోయాడు. నువ్వెళ్ళాక కొన్న గాడిద వాడు. అరిస్తే పాత రోజుల్లో మా నాన్న మీద అరిచిన ఫ్రెంచి కెప్టెన్ గుర్తొస్తాడని అమ్మ పెట్టిన పేరు. కొండ బొమ్మలు చూడ్డానికొచ్చినవాళ్ళ సామాను పీఠభూమి మీద దించగానే తాడు తెంపుకుని పోయాడు. రెండు రోజులు వెతికాను. చివరికి ఒక ఇరుకు సందులో, ముందుకొచ్చిన బండ కింద నీడలో, వాడింటికి నేను చుట్టంగా వచ్చినట్టు నిలబడి చూస్తున్నాడు. తిట్టడానికి వంగాను. గోడ మీద ఎర్రగా ఏదో మరక కనిపించింది. తిత్తిలోంచి నీళ్ళు దోసిట్లోకి పోసుకుని కొట్టాను.

కెల్లా, ఎద్దులు లేచి వచ్చాయే! ఏడు ఎద్దులు. జేగురు రంగు, తెలుపు, మచ్చలవి. వాటి మీద ఆడవాళ్ళు, మూటలు, వంపు తిరిగిన ఏవో గీతలు. చివరి ఎద్దు మీద చిన్న పిల్ల. ముప్పై ఏళ్ళుగా ఆ కొండ మీద వచ్చినవాళ్ళందరికీ పాతకాలం బొమ్మలు చూపించినవాణ్ణి, ఈ గోడ ఒకటుందని నాకే తెలియదు. గాడిదని వెతకబోతే మంద దొరికింది.

నువ్వు నమ్మవని, పంచదార దిమ్మకి చుట్టిన నీలం కాగితం విప్పి, పొయ్యి బొగ్గుతో అక్కడికక్కడే, తడి ఆరేలోగా గీశాను. జన్మలో బొమ్మ గీసిన చెయ్యి కాదు, నవ్వకు. ఇది మీ మ్యూజియం పుస్తకాల్లో ఉందో లేదో చూసి చెప్పు. మీ అమ్మమ్మకి, నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. అందుకే మన అక్షరాల్లో రాస్తున్నాను. అమ్మ మనిద్దరికీ ఇసుకలో వేలు పట్టి నేర్పిన ఈ అక్షరాలు పోస్టాఫీసులో ఎవడూ చదవలేడు. కవరు మీద అడ్రసు మాత్రం బడి పంతులు చేత రాయించాను.

నీ మేనమామ,
ఘూమా

*

అల్జీర్స్,
19 అక్టోబర్ 1979

మావయ్యకు,

ఒళ్ళెలా ఉంది, మోకాలెలా ఉంది, కప్తాన్ తాడెలా ఉంది? ఇక్కడ అంతా మంచే. వాన పడుతోంది. ఎవరూ బయటికొచ్చి చూడరు, పిల్లలు కూడా చూడరు.

నీ ఉత్తరం మెట్ల మీదే చదివేశాను. చదివి మళ్ళీ మ్యూజియానికి పరుగెత్తాను. మన తస్సిలీ పీఠభూమి గోడల నుంచి ఇంతవరకూ ఎత్తిన నకళ్ళు ఇక్కడ ఇనప అరల్లో చుట్టలు చుట్టి ఉన్నాయి. మూడు రోజులు ఒక్కొక్కటే విప్పి చూశాను. చేతులు సున్నం కొట్టినట్టయ్యాయి. ఎక్కడా లేదు మావయ్యా! ఏడు ఎద్దుల వరస ఏ కాగితం మీదా లేదు. నాకు కాలు ఒకచోట నిలవడం లేదు.

ఇప్పుడు నా సంగతి విను. జానెత్‌లో బొమ్మల గోడలకి కాపలా చూసే ఉద్యోగం ఒకటి కొత్తగా పెడుతున్నారు. ఇక్కడ శిక్షణలో ఉన్న ముగ్గురిలో ఒకరికి ఇస్తారు. మిగతా ఇద్దరూ సముద్రపొడ్డు మగపిల్లలు, ఇసుకంటే వాళ్ళకి స్నానానికి వెళ్ళే చోటు. మార్చి పదిహేనున కమిటీ కూర్చుంటుంది. కొత్త గోడ ఒకటి పూర్తి వివరాలతో చూపించగలిగితే ఆ ఉద్యోగం నాదే అంటున్నారు మా పై ఆవిడ వరీదా గారు. మావయ్యా, నేను ఇంటికి రావచ్చు. జీతం తీసుకుంటూ, మన కొండ మీదే.

అందుకని నాకు వివరాలు కావాలి. ఆడవాళ్ళు ఎంతమంది? ఏ ఎద్దుకి ఏ రంగు? జానలతో కొలిస్తే గోడ ఎంత? చివరి పిల్ల మొహం ఎటుంది? సెలవు దొరికేదాకా నా కళ్ళు నీవే.

నీ బొమ్మ చూసి ఒరాన్ పిల్ల గాడిదలు బాగున్నాయంది. మంచం పైన గోడకి అంటించుకున్నాను.

నీ కోడలు,
కెల్లా

*

జానెత్,
8 నవంబర్ 1979

కమిటీకి చెమటలు పట్టించబోయే కెల్లాకు,

అలసట ఎలా ఉంది? చలి ఎలా ఉంది? ఆ మగపిల్లలిద్దరి ఆరోగ్యం ఎలా ఉంది? బాగుంటే కొంచెం తగ్గాలని మీ అమ్మమ్మ కోరుతోంది.

నీ ఉత్తరం అందిన మర్నాడే కొండెక్కాను. రెండు తిత్తుల నీళ్ళు కప్తాన్ మీద వేశాను. మా నాన్న స్పాంజి కూడా పట్టుకెళ్ళాను. నీకు గుర్తుందా, గుడారం స్తంభానికి వేలాడుతూ ఉండేది? నకళ్ళు ఎత్తడానికి వచ్చిన దొర, నాన్న పనితనం మెచ్చి ఇచ్చి వెళ్ళాడు. చిన్నప్పుడు నా భుజాలెక్కి దాంతోనే గోడలు తడిపేదానివి. దోసిలితో కొడితే చుక్కలే పడతాయి, స్పాంజితో తుడిస్తే గోడంతా నిగనిగలాడుతుంది.

రాసుకో. ఆడవాళ్ళు నలుగురు, పిల్ల ఒకతె. మొదటి ఎద్దు తెలుపు, రెండోది, నాలుగోది మచ్చలవి, తక్కినవి జేగురు. గోడ నా జానతో పదకొండు. ఆ వంపు గీతలేమిటో నాకు అంతుపట్టలేదు. వచ్చి అమ్మతో చెప్పాను. మేకపాలు పితుకుతూ, తల ఎత్తకుండానే, "గుడారం బద్దల్రా, కళ్ళు పోయాయా? మకాం ఎత్తేస్తున్నారు. మరి బద్దలు ఎద్దు మీద కాక నెత్తిన పెట్టుకుని పోతారా?" అంది. అవునే! సరిగ్గా మనం ఒంటె మీద కట్టినట్టే కట్టారు. ఎన్ని వేల ఏళ్ళ కిందటివాళ్ళో, ముడి మాత్రం మా అమ్మ ముడి.

పిల్ల మొహం ముందుకే ఉందనుకుంటాను. అంత పట్టి చూడలేదు.

ఘూమా

*

అల్జీర్స్,
27 నవంబర్ 1979

మావయ్యా,

ఒళ్ళెలా ఉంది, చలి ఎలా ఉంది? త్వరగా బాగుందనేసుకో, నేను ఆగలేను.

వరీదా గారు ఆ వంపు గీతల్ని పాములన్నారు. ఏదో పూజ అయి ఉంటుందన్నారు. ఇక్కడ అర్థం కాని ప్రతి గీతా పూజే. నేను లేచి అమ్మమ్మ మాట చెప్పాను. ఆవిడ కళ్ళద్దాలు తీసి, "మీ అమ్మమ్మ పేరేమిటి?" అని అడిగి రాసుకున్నారు. అమ్మమ్మతో చెప్పు. వద్దు, చెప్పకు, చెబితే అమ్మమ్మతో వేగలేరు.

ఇప్పుడు ఒక్కటే మిగిలింది. ఆ పిల్ల మొహం. "అనుకుంటాను" అంటే కమిటీ ఒప్పుకోదు. ముందుకి చూస్తుంటే అది మకాం మార్చే బొమ్మ, అంతే. వెనక్కి చూస్తుంటే అది ఎవరికోసమో గీసిన బొమ్మ. రెండూ ఒకటి కాదు. దగ్గరగా, ముక్కు గోడకి ఆనించి చూడు. ఒకసారి పొద్దున, ఒకసారి సాయంత్రం చూడు. నా ఉద్యోగం ఆ పిల్ల మెడ మీద ఉంది.

కెల్లా

*

జానెత్,
20 డిసెంబర్ 1979

ఉడుంపట్టు కెల్లాకు,

ఒళ్ళెలా ఉంది? పట్టుదల ఎలా ఉంది? ఇక్కడ నీళ్ళు తిత్తిలో గడ్డకడుతున్నాయి. మీ అమ్మమ్మకి తన పేరు రాసుకున్నారని చెప్పేశాను. ఇప్పుడు మేకల్ని కూడా గద్దించకుండా మాట్లాడుతోంది, పెద్దమనిషి అయింది.

రెండుసార్లు వెళ్ళొచ్చాను. మొదటిసారి తడిపి చూస్తే పిల్ల ముందుకే చూస్తోంది. పది రోజులాగి వెళ్ళి చూస్తే వెనక్కి తిరిగినట్టుంది. ఈ రెండోసారి అంత తేటగా రాలేదు. గోడకి దాహం ఎక్కువైంది, ఎంత పోసినా తాగేస్తోంది. మధ్యలో పిండి చల్లినట్టు తెల్లగా పేరుకుంది. స్పాంజితో గట్టిగా రుద్దాను, పోలేదు. మళ్ళీ వెళ్ళేటప్పుడు మూడు తిత్తులు తీసుకెళ్తాను. కంగారు పడకు, మార్చిలోగా ఆ పిల్ల మొహం నీకు పట్టిస్తాను.

ఘూమా

*

అల్జీర్స్,
9 జనవరి 1980

మావయ్యా, నీళ్ళు పొయ్యకు.

ఇవాళ వరీదా గారు రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి చూపించారు. ఒకటే గోడ. మొదటి దాంట్లో పది మంది వేటగాళ్ళు. ఇరవై ఏళ్ళ తర్వాతి దాంట్లో తెల్లటి మచ్చ. నీళ్ళు ఆరేటప్పుడు రాతిలోని ఉప్పు పైకొచ్చి రంగు మీద పొరలా కట్టేస్తుందట, రుద్దితే రంగు ఊడొస్తుందట. మన కొండ మీదే సెఫార్‌లో, జబ్బారెన్‌లో సగం గోడలు అలాగే పోయాయట. చూపించడానికి తడిపినవాళ్ళ చేతుల్లోనే పోయాయి. అంటే తాత చేతుల్లో, నీ చేతుల్లో.

ఇంక అక్కడికి వెళ్ళకు. గోడని ముట్టుకోకు. స్పాంజి పారెయ్యి. ఇది ఎక్స్‌ప్రెస్ ఉత్తరం, అందగానే ఒక్క ముక్క రాయి.

కెల్లా

*

జానెత్,
2 ఫిబ్రవరి 1980

కెల్లాకు,

ఉత్తరం అందింది. ఒక్క ముక్క రాయమన్నావు, రాస్తున్నాను.

ఒంట్లో ఎలా ఉందని అడగలేదు నువ్వు. మీ అమ్మమ్మని కూడా అడగలేదు. నేనూ అడగడం లేదు.

నన్ను నా కొండ ఎక్కొద్దన్నావు. నువ్వు పుట్టకముందు ఆ కొండ మీద దారులు వేసింది మా నాన్న. దొరలు వచ్చి నీళ్ళు కొట్టమంటే కొట్టాడు. ఇంకా కొట్టు, రంగు రావాలి అంటే ఇంకా కొట్టాడు. నకళ్ళు ఎత్తుకుని వాళ్ళు పోయారు. ఆ నకళ్ళే మీ ఇనప అరల్లో ఉన్నాయి, వాటి మీదే నీకు చదువు చెబుతున్నారు. ఇప్పుడు గోడలు చెరిపింది మా నాన్నా? తాతకు దగ్గులు నేర్పినట్టుంది నీ వ్యవహారం. నీకోసం చలిలో మోకాలు పట్టుకుని మూడుసార్లు ఎక్కాను. అడిగింది నువ్వు.

మీ అమ్మమ్మ ఖర్జూరాలు పంపుతోంది. అవి నామీద కోపంతో తినకుండా ఉండకు.

ఘూమా

*

అల్జీర్స్,
1 మార్చి 1980

మావయ్యకు,

ఒళ్ళెలా ఉంది? మోకాలెలా ఉంది? అలసట ఎలా ఉంది? అమ్మమ్మ దగ్గు ఎలా ఉంది? మేకలెలా ఉన్నాయి? గాలి ఎలా ఉంది? కప్తాన్ ఎలా ఉన్నాడు? గుడారం ఎలా ఉంది? కిందటి ఉత్తరంలో మింగేసినవన్నీ ఇప్పుడు కలిపి అడుగుతున్నాను.

అడిగింది నేనే. ఆ మాట రెండు వారాలుగా నన్ను నిద్రపోనివ్వడం లేదు. నీ మొదటి ఉత్తరంలోనే నీళ్ళు కొట్టానని రాశావు. నేను చదివాను. నాకు వింతగా తోచలేదు. చిన్నప్పుడు నీ భుజాల మీద కూర్చుని తడిపిన చెయ్యే కదా ఇది. నా ప్రశ్న ఒక్కొక్కటీ ఒక్కో తిత్తి నీళ్ళయి ఆ గోడ మీద పడింది. పిల్ల మొహం ఎటుందని రెండుసార్లు అడిగి ఆ మొహాన్నే కడిగించాను. కోపం నామీద నాకు, రాసింది నీకు. క్షమించు మావయ్యా. తాతనన్న మాట కూడా వెనక్కి తీసుకుంటున్నాను.

ఇంకొకటి. రాత్రి పడుకుని మంచం పైన నీ గాడిదల వంక చూస్తున్నాను. ఉన్నట్టుండి లేచి కూర్చున్నాను. నువ్వు మొదటి రోజున, ఎవరూ ఏమీ అడగకముందు, తడి ఆరేలోగా గీసిన బొమ్మ కదా అది! చివరి గాడిద మీద కూర్చున్న పిల్ల తలకి నువ్వొక చిన్న ముక్కు పెట్టావు. ఆ ముక్కు వెనక్కి ఉంది. మావయ్యా, ఆ పిల్ల వెనక్కి చూస్తోంది! ఒరాన్ పిల్లని లేపి మరీ చూపించాను.

వరీదా గారికి పట్టుకెళ్ళాను. ఆవిడ చాలాసేపు చూసి, మీ మావయ్య గీత వంకరగా పోయి ఉండొచ్చు, వెనక ఏమీ లేనప్పుడు ఆ పిల్ల ఎందుకు చూస్తుంది అన్నారు. కమిటీకి ఇంక రెండు వారాలుంది. ఉద్యోగం పోతే పోనీ. నువ్వు మళ్ళీ మునుపటిలా ఉత్తరం రాస్తే చాలు.

నీ కెల్లా

*

జానెత్,
1 మార్చి 1980

కోడలు పిల్ల కెల్లాకు,

ఒళ్ళెలా ఉంది? అలసట ఎలా ఉంది? చలి తగ్గిందా? నీ జవాబు కోసం ఆగలేదు, నాకు ఆగే ఓపిక లేదు. కోపం అయిపోయింది. చెప్పాల్సింది ఉంది, కడుపులో ఆగడం లేదు.

నీ మీద పంతానికి మొన్న మళ్ళీ ఎక్కాను. మూడు తిత్తులతోనే ఎక్కాను, దాచడమెందుకు. గోడ ముందు నిలబడి స్పాంజి తీశాను. పిల్ల ఉండే చోట తెల్లటి మచ్చ నా అరచేయంత ఉంది. చెయ్యి లేవలేదు కెల్లా. మా నాన్న ఉన్నా ఆ మచ్చ చూసి చెయ్యి దించేసేవాడు. ఆయన తెలియక చేశాడు. నాకు నువ్వు రాశావు, తెలిసింది. తెలిశాక కూడా పోస్తే అది నా తప్పవుతుంది.

స్పాంజి పక్కన పెట్టి మన మూడు గ్లాసుల టీ పెట్టుకున్నాను. ఆ గోడకి ఎడమవైపు బండ కొంచెం ఉబ్బుగా ఉంటుంది. ఎప్పుడెళ్ళినా తిత్తులు అక్కడే తగిలిస్తాను, వీపు అక్కడే ఆనిస్తాను. అందుకే ఆ పక్క ఎన్నడూ తడపలేదు. ఈసారి తడిపే పని లేదు కాబట్టి ఎదురుగా, గోడకేసి తిరిగి కూర్చున్నాను. మొదటి గ్లాసు అయింది. రెండోది అయింది. ఎండ వంగి కింద ఇసుక మీద పడింది, ఆ ఇసుక వెలుగు పైకి లేచి గోడ మీద పడింది. ముప్పై ఏళ్ళలో ఏ గోడ ముందూ నేను మూడో గ్లాసు దాకా కూర్చోలేదు. వచ్చినవాళ్ళకి తొందర, నాకు వాళ్ళని దించాలని తొందర. నీళ్ళు కొట్టడం, చూపించడం, పోవడం.

ఎద్దులు వాటంతట అవే వచ్చాయి. నీళ్ళు లేకుండానే! తెల్లమచ్చ ఉన్నచోట పిల్ల మాత్రం రాలేదు. కానీ ఆ ఉబ్బు బండ మీద, నేను వీపు ఆనించే చోట, ఒక ముసలావిడ నిలబడి ఉంది. మూడు పొయ్యిరాళ్ళు, పక్కన ఆవిడ, నడుం కొంచెం వంగి, చెయ్యి పైకెత్తి. ఎద్దులు పోతున్న వైపే చూస్తోంది. రంగు నిన్న పూసినట్టుంది. ఇన్నాళ్ళూ ఆవిడ ఒళ్ళో కూర్చుని టీ తాగానన్నమాట!

పరుగెత్తుకొచ్చి అమ్మతో చెప్పాను. ఈసారి పాలు పితకడం ఆపింది. "మకాంతో పోలేనంత ముసల్ది అయింటుంది. మరి పిల్ల వెనక్కి చూడకుండా ఎలా ఉంటుందిరా?" అంది.

అందుకని పిల్ల మొహం ఎటుందో ఇప్పుడు నేను ప్రమాణం చేసి చెప్పగలను, అనుకుంటాను కాదు. ఇది మంగళవారం విమానానికి అందేలా పైలట్ చేతికే ఇస్తున్నాను. ఇంకో పంచదార దిమ్మ విప్పి ముసలావిణ్ణి కూడా గీశాను. ఈసారి నవ్వడానికి ఏం మిగల్లేదు, మనిషిలాగే వచ్చింది.

మామ ఘూమా

*

అల్జీర్స్,
20 మార్చి 1980

మావయ్యకు, అమ్మమ్మకు,

ఒళ్ళెలా ఉంది? అలసట ఎలా ఉంది? ముసలావిడ ఎలా ఉంది?

మన ఉత్తరాలు దారిలో ఎదురుపడి ఉంటాయి. నీది పదమూడున అందింది. రెండు నీలం కాగితాలూ బల్ల మీద పక్కపక్కన పెట్టాను. అంచుకి అంచు కలిసింది. ఇటు ముసలమ్మ చెయ్యి ఎత్తింది, అటు పిల్ల వెనక్కి తిరిగింది. వరీదా గారు నిలబడి చూసి, కూర్చుని చూసి, చివరికి నన్ను కౌగిలించుకున్నారు. ఆవిడ ఎవర్నీ కౌగిలించుకోగా ఈ మ్యూజియంలో ఎవరూ చూడలేదు.

కమిటీలో ఒకాయన, ఇంతకీ ఈ బొమ్మ ఏం చెబుతోందమ్మా అని అడిగాడు. ఉత్తరమండీ అన్నాను. వెళ్ళిపోయినవాళ్ళు ఉండిపోయిన మనిషికి రాసిన ఉత్తరం, లేదా ఆ మనిషే వాళ్ళకి రాసింది, ఎవరు రాశారో నాకు తెలియదు, చదవడం మాత్రం మా అమ్మమ్మకి వచ్చు అన్నాను. ఉద్యోగం ఇచ్చారు మావయ్యా! ఏప్రిల్ ఎనిమిది మంగళవారం విమానంలో దిగుతాను. కప్తాన్‌ని పట్టుకురా.

రిజిస్టర్‌లో గోడ ఎక్కింది. నకలు ఎత్తినవారు: ఘూమా, జానెత్, పంచదార కాగితం మీద బొగ్గుతో. బొమ్మ చదివినవారు అని ఒక గడి లేదు, నేనే గీసి అమ్మమ్మ పేరు రాశాను. కింద నష్టం అనే గడి ఉంది. అక్కడ ఇలా రాశాను: చివరి ఎద్దు మీది పిల్ల తల ఇప్పుడు కనిపించదు. నీళ్ళ వల్ల పోయింది. చెరిపినది కెల్లా, ప్రశ్నలతో. అలా రాయకూడదు, కొట్టెయ్యి అన్నారు వరీదా గారు. కొట్టెయ్యలేదు.

కెల్లా

*

జానెత్,
30 మార్చి 1980

కెల్లాకు,

ఒళ్ళెలా ఉంది? సంతోషం ఎలా ఉంది? ఇక్కడ మంచి తప్ప మరేం లేదు. మీ అమ్మమ్మ రెండు రోజులుగా ఇసుకలో రొట్టె కాల్చడం మానేసి తన పేరు రాసి చూసుకుంటోంది. నాన్న స్పాంజితో కప్తాన్‌ని కడిగాను. వాడికి నచ్చలేదు, కానీ తెల్లబడ్డాడు. నిన్న వచ్చిన నలుగురు ఇటలీవాళ్ళని గోడ ముందు మూడు గ్లాసులయ్యేదాకా కూర్చోబెట్టాను. మొదట గొణిగారు. తర్వాత లేవమంటే లేవలేదు.

మంగళవారం విమానం దగ్గరుంటాను. ఆ రిజిస్టర్ నీ చేతిలోనే ఉంటే, వచ్చేలోగా నష్టం గడిలో నీ పేరు పక్కన చోటు చూసి నా పేరు కూడా రాయి. మా నాన్న పేరు వద్దు, ఆయనకి తెలియదు. నువ్వు అడిగావు, నీళ్ళు పోసింది నేను. నువ్వొక్కదానివే ఎందుకు మొయ్యాలి?

నీ మేనమామ,
ఘూమా